కొలత దారం

ల్యూబెక్, తోళ్ళవాళ్ళ వీధి
సకల పరిశుద్ధుల పండుగ మరునాడు, 1412

అక్కా,

ముందు తిట్టేసి తర్వాత కుశలం అడుగుతాను, ఏమీ అనుకోకు. చేపల బండి హిన్నెర్క్ నిన్న మా అంగడి గుమ్మంలో నిలబడి వీధంతా వినపడేలా అరిచాడు. "వెండెలమ్మా! మీ తాలెకె సిస్టర్ దగ్గు మఠం గేటు దాకా వస్తోంది! మనిషి కనపడకముందే ఆవిడేనని పందెం కాశాను, గెలిచాను!" పెద్ద ఘనకార్యం చేసినట్టు నవ్వాడు సన్నాసి. నా చేతిలో సూది అక్కడే ఆగిపోయింది.

పోయిన ఉత్తరంలో నువ్వేం రాశావు? తోటలో ఆపిల్ పళ్ళు పురుగు పట్టాయని రాశావు. కొత్త మదర్ గారి కుక్క గుడిలో నిద్రపోతుందని రాశావు. కుక్కకి అంత చోటిచ్చావు, దగ్గుకి ఒక్క మాట ఇవ్వలేకపోయావా? మా ఆయన మార్క్వార్ట్ ఏమో, "రాతి గోడలు, తడి నేల, అక్కడ ఎవరు దగ్గరు? ఊరికే కంగారు పడకు" అంటాడు. ఆయనకేం, ఆయన తోళ్ళవాళ్ళ సంఘం పెద్ద. ఎవరి తోలు మంచిది, ఎవరి కుట్టు వంకర అన్నదే ఆయన లోకం.

నేను నిశ్చయించేశాను. ఈ చలికాలానికి నీకు పైఅంగీ కుట్టి పంపుతున్నాను, మెడ నుంచి మడమ దాకా బొచ్చు అస్తరుతో. నొవ్‌గొరొద్ ఓడలు సముద్రం గడ్డకట్టకముందే వచ్చాయి. ఉడుత తోళ్ళు ఎంత బాగున్నాయనుకున్నావు! చలికాలపువి, వెన్ను బూడిద రంగు, పొట్ట తెల్లన. ఊదితే విడిపోయి మళ్ళీ కలుసుకుంటున్నాయి.

నాకు నీ కొలత కావాలి. ఒకే దారం, మూడు ముడులు: మెడ చుట్టూ ఒకటి, భుజాల చుట్టూ ఒకటి, మెడ నుంచి మడమకి ఒకటి. నాన్న ఎవరి మాటా నమ్మేవాడు కాదు గుర్తుందా? "సన్నబడ్డాను, లావయ్యాను అని నాకు చెప్పొద్దు, దారం ఇవ్వు" అనేవాడు. నేనూ ఇప్పుడు అంతే. నువ్వు "బాగానే ఉన్నా" అని నాలుగు పేజీలు రాసినా నమ్మను. మూడేళ్ళ కిందట, మీ మఠంలో కటకటాలు పెట్టకముందు, నిన్ను కౌగిలించుకున్న కొలత నా చేతులకి గుర్తుంది. దారం అంతకంటే చిక్కి వచ్చిందంటే ఆ రోజే హిన్నెర్క్ బండెక్కి వచ్చేస్తాను. వానలు, బురద, మదర్ గారు, ఎవరూ ఆపలేరు.

ఇంకో మాట. చెప్పకూడదనుకున్నాను గానీ నీ దగ్గర దాచలేను. నాకు నాలుగో నెల. ముందు రెండూ నిలవలేదు కదా, అందుకని ఎవరికీ చెప్పలేదు. మంత్రసాని మెట్టెకె బండి పేరెత్తితేనే కళ్ళెర్రజేస్తోంది. అయినా సరే, నీకోసం ఎక్కుతాను. దారం పంపు.

నీ చెల్లి
వెండెల

ఎల్లెర్‌బ్రూక్ మఠం
మార్టిన్ పండుగ వెళ్ళిన గురువారం

చిట్టి వెండెలా,

నీ తిట్లు భోజనాల గదిలో చదివాను. మౌనంగా ఉండాల్సిన వేళ పకపకా నవ్వాను. శిక్షగా నేలమీద కూర్చుని గంజి తాగాను. గంజి రుచిగానే ఉంది. ఇంకా తిట్టు.

చివరి మాట చదివాక మాత్రం నవ్వలేదు. ఉత్తరం మడిచి గుండెలకి పెట్టుకుని గుడిలో చాలాసేపు కూర్చున్నాను. ఒసే పిచ్చిదానా, ఇంత మాట చివర్లో పెడతావా? విను. నువ్వు బండెక్కకూడదు. ఇంట్లో గచ్చు మీదే నడు, తోళ్ళు తొక్కే తొట్టి దగ్గరికి పోకు, బరువెత్తకు. నువ్వు బండెక్కి వస్తే నేను చుట్టాలని కలిసే కటకటాల దగ్గరికి రాను, కుదుపుల్లో వచ్చినదానివి కుదుపుల్లోనే తిరిగిపోతావు. ఒట్టు వేయకూడదని మా నియమం, కానీ ఇది ఒట్టే అనుకో.

దగ్గు ఉంది. నాకెప్పుడు లేదు? నాన్న తోళ్ళు దులుపుతుంటే బొచ్చు పొడికి నేను ఉక్కిరిబిక్కిరి అయ్యేదాన్ని. "ఈ పిల్ల మన ఇంట్లో బతకదు" అని అమ్మ ఏడ్చింది. ఆ పొడి తగలని చోటని ఇక్కడికి పంపారు. తోళ్ళవాడి కూతురికి తోలు పడదంటే వీధంతా నవ్వారట కదా. అందుకే చెబుతున్నాను, కుట్టేముందు బాగా దులుపు.

ఉడుత తోలు మాత్రం వద్దు. పోయినేడు బిషప్ గారి మనిషి వచ్చి అందరి పెట్టెలూ తెరిపించాడు. సిస్టర్ వాల్‌బర్గ్ కాలరుకి ఉన్న కాస్త ఉడుత బొచ్చు ఊడదీయించి అంగట్లో అమ్మించాడు. మాకు గొర్రెపిల్ల తోలు ఒక్కటే. బరువుగా ఉంటుందని నాకూ తెలుసు. ఏం చేస్తాం, స్వర్గానికి బరువు మోసుకుంటూ వెళ్ళాలని రాసిపెట్టి ఉంది.

మా వంటింటి సిస్టర్ ఇల్సెబె ఇప్పుడు నా పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దుతోంది. ముప్ఫై దాటాక చదువుకోవాలని బుద్ధి పుట్టింది దానికి. దానికి నా అనేవాళ్ళు లేరు. దాని పైఅంగీ చూస్తే నీకు ఏడుపొస్తుంది. అస్తరు లేదు, ముతక గుడ్డ, మోచేతుల దగ్గర వెలుతురు కనిపిస్తుంది. రెండు చేతులా నీళ్ళ బానలు పట్టుకుని మంచులో పాడుకుంటూ పోతుంది. గొంతు మాత్రం ఘోరం.

ఇదిగో దారం. మూడు ముడులు, నాన్న వేసే ముడే. బిగించకుండా, వదలకుండా తీశాను. చూసుకుని నిమ్మళంగా ఉండు.

అక్క
తాలెకె

ల్యూబెక్
ఆగమన కాలం, రెండో ఆదివారం

అక్కా,

దారం చూశాను! చూసి మార్క్వార్ట్‌ని కేకేశాను. "ఇటు రండి, చూడండి, మా అక్క భుజాలు నా భుజాల కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ!" ఆయన దారం పట్టుకుని, "మఠంలో ఉపవాసాలంటారు, ఇదేం ఉపవాసం? మన వంటింటికంటే అక్కడే నయంలా ఉంది" అన్నాడు. ఎన్నాళ్ళకో నవ్వుకున్నాం. ఆ హిన్నెర్క్ గాడికి ఈసారి వస్తే సూపు కాదు, చన్నీళ్ళు పోస్తాను. ఊరికే నా ప్రాణం తీశాడు.

కాబట్టి నేను రావడం లేదు. సంతోషమేనా? పాప పుట్టాక, ఈస్టర్ వెళ్ళి ఎండలు వచ్చాక, పాపని ఎత్తుకుని వస్తాను. కటకటాల సందుల్లోంచి దాని కాలు పట్టుకుందువుగాని.

పైఅంగీ హిన్నెర్క్ బండిలోనే వస్తోంది. ఎలా కుట్టానో చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రంగు వేయని బూడిద ఉన్ని. ముందు తడిపి కుంచింపజేశాను. అర చందమామలా కత్తిరించి, వారం పాటు దూలానికి వేలాడదీశాను. ఏటవాలుగా కత్తిరించిన చోట బట్ట సాగుతుంది కదా, సాగేదంతా ముందే సాగాక అంచు సరిచేశాను. అలా చేయకుండా అస్తరు వేస్తే ఆరు నెలలకి బట్ట ఒకవైపు, తోలు ఒకవైపు పోతాయి. గొర్రెపిల్ల తోళ్ళు నేనే ఏరాను. నీకోసం పెరట్లో బెత్తంతో దులిపించాను. బొచ్చు పొడి రాలడం ఆగేదాకా దులిపించాను. ఆగాక మళ్ళీ దులిపించాను. పనివాళ్ళు నన్ను చూసి కళ్ళతో సైగలు చేసుకున్నారు, చేసుకోనీ.

తోళ్ళన్నీ తల పైకి, తోక కిందకి, బొచ్చు వాలు కిందకే. సంఘం పెద్ద పెళ్ళానికి అంతకంటే గత్యంతరం లేదు. పెద్దలు అరచెయ్యి పెట్టి కింది నుంచి పైకి రాస్తారు, ఒక్క తోలు ఎదురు తిరిగినా అస్తరు విప్పించేస్తారు.

కానీ అక్కా, మెడ వెనక ఒక చోట చూడు. చేత్తో కాదు, మెడతో చూడు. మార్క్వార్ట్ సంఘం విందుకి వెళ్ళిన రోజు కుట్టాను. ఇంకేమీ చెప్పను.

బరువు ఉంది. నిజమే. నీ భుజాలకి ఆ మాత్రం బరువు లెక్క కాదులే.

వెండెల

ఎల్లెర్‌బ్రూక్
ముగ్గురు జ్ఞానుల పండుగ వెళ్ళాక

వెండెలా,

పైఅంగీ వచ్చింది. మఠం మఠమంతా చుట్టూ చేరారు. మదర్ గారు స్వయంగా అంచు పట్టుకుని చూసి, "మీ చెల్లెలి కుట్టు కనపడదు, వినపడదు" అన్నారు. వేసి చూశాం. భుజాల మీద ఎక్కడా ముడత లేదు, అంచు సరిగ్గా మడమ దగ్గర ఆగింది, పోచంత తేడా లేదు. నువ్వు నాన్న కూతురివే.

దొంగదానా! మెడ వెనక ఏం పెట్టావో కనిపెట్టలేననుకున్నావా? గొర్రెపిల్లల మధ్య ఒక్క ఉడుత. అదీ తలకిందులు. చెంప ఆనించగానే తెలిసిపోయింది. అమ్మ మన ఇద్దరికే అలా కుట్టేది కదూ. అన్ని తోళ్ళూ కిందకి, మెడ దగ్గర ఒక్కటి పైకి. మనం తల ఆడించినప్పుడల్లా బొచ్చు ఎదురు లేచి మెడ నిమిరేది. "నేను పక్కన లేనప్పుడు ఇది నిమురుతుంది" అనేది. ఇక్కడికి నన్ను పంపిన రోజు వేసిన చిన్న అంగీకి కూడా అది ఉంది. ఆ అంగీ పొట్టిదైపోయి వేరే పిల్లకి ఇచ్చేస్తే, ఆ పిల్లని చూసినప్పుడల్లా వెనకనుంచి వెళ్ళి దాని మెడ మీద చెయ్యి వేసేదాన్ని. పాపం, అది నన్ను పిచ్చిదాన్ననుకుంది.

ఇది పాపమే. ఒప్పుకోలులో చెప్పాలి. చెబుతాను. ఈ వారం కాదు. ఫాదర్ గారికి జలుబు చేసింది, ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికి.

నా అక్షరాలు వంకర్లు పోతున్నాయని అనుకుంటావేమో. సిరా గడ్డకడుతోంది, చంకలో పెట్టుకుని కరిగించి రాస్తున్నాను.

కడుపులో కదులుతోందా? కదిలిన రోజు రాయి.

తాలెకె

ల్యూబెక్
కొవ్వొత్తుల పండుగ

అక్కా,

కదిలింది! క్రిస్మస్ ముందే, ఎండుచేపలు బేరమాడుతుంటే కదిలింది. నేను బేరం మధ్యలో ఆపేసి ఏడ్చాను. ఆ చేపలమ్మాయి భయపడి ధర తగ్గించింది.

నిలుస్తుందనుకుంటున్నాను అక్కా. ఈ మాట గట్టిగా అనడానికి కూడా భయంగా ఉంది, నీకు మాత్రమే రాస్తున్నాను. ముందు రెండుసార్లూ ఈపాటికి అయిపోయింది. మెట్టెకె నన్ను గుమ్మం దిగనివ్వడం లేదు. కిటికీ దగ్గర కూర్చుని పాత అస్తర్లకి అతుకులు వేస్తున్నాను.

నీ ఉత్తరం ఎందుకింత చిన్నదయింది? సిరా గడ్డకడితే పొయ్యి దగ్గర రాయి. "వేసి చూశాం" అన్నావు గానీ, రోజూ వేసుకుంటున్నావో లేదో రాయలేదు. పెట్టెలో దాచి ఎవరికైనా ఇచ్చేశావా? అలా చేస్తే నేను ఊరుకోను. నువ్వు తోలు దగ్గర పొదుపు, మనుషుల దగ్గర దుబారా. చిన్నప్పుడు నీ రొట్టె కుక్కకి పెట్టి నా రొట్టె తినేదానివి.

మార్క్వార్ట్‌కి ఆ ఉడుత సంగతి తెలిసిపోయింది. పెట్టె కట్టేటప్పుడే అరచెయ్యి రాసి చూశాడట మహానుభావుడు! "మరి ఎందుకు ఊరుకున్నారు?" అంటే, "నేను ఆ రోజు సంఘం పెద్దగా చూడలేదు, మరిదిగా చూశాను" అన్నాడు. ఆయన నోటి నుంచి అంత మంచి మాట పెళ్ళయ్యాక అదే మొదలు.

నీ కొలత దారం నా దగ్గరే ఉంది. మామూలుగా పని అయ్యాక పారేస్తాం. పారేయలేదు. బెంగ పుట్టినప్పుడు దాన్ని తీసి, భుజాల ముడి దగ్గర కలిపి, నా చుట్టూ వేసుకుంటాను. కొంచెం వదులుగా ఉంటుంది. ఇంత మనిషి ఉంది మా అక్క, ఆమెకేం కాదు అనుకుంటాను. మార్క్వార్ట్ చూసి, "ఇంకో ఉడుతవి అయిపోయావు, గూడు కట్టుకుంటున్నావు" అంటాడు.

పొడుగు ఉత్తరం రాయి.

వెండెల

ఎల్లెర్‌బ్రూక్
ఉపవాస కాలం మొదటి వారం

చెల్లీ,

పొడుగు ఉత్తరం కాదు. కోప్పడకు.

అంగీ ఎవరికీ ఇవ్వలేదు. అది నా మీదే ఉంది, ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా. వెచ్చగా ఉంది. ఇది నిజం వెండెలా, ఈ ఒక్కటీ నమ్ము. ఇంత వెచ్చదనం నేను మన ఇంట్లోంచి వచ్చాక ఎరగను.

అమ్మ గొంతు నాకు గుర్తు రావడం లేదు. ముఖం వస్తోంది, చేతులు వస్తున్నాయి, వేలి తొడుగు వస్తోంది, గొంతు రావడం లేదు. నీకు గుర్తుందా? తోళ్ళు కుడుతూ ఏదో కూనిరాగం తీసేది. మాటలు ఉండేవి కాదు. నువ్వూ తీస్తావని మార్క్వార్ట్ ఒకసారి అన్నట్టు రాశావు. అయితే గుర్తున్నట్టే. బిడ్డకి అది వినిపించు.

ఆడపిల్ల అయితే నా పేరు పెట్టకు. ఇంటికి ఒక దగ్గుల దొరసాని చాలు.

పురుడు అయ్యేదాకా నీకు ఉత్తరాలు రాకపోవచ్చు. ఉపవాస కాలంలో రాయడం తగ్గించమన్నారు మదర్ గారు. హిన్నెర్క్ ఏదైనా వాగితే పట్టించుకోకు. నువ్వు కిటికీ దగ్గర నుంచి లేవకు. నీ పని ఒక్కటే ఇప్పుడు. ఆ పని చెయ్యి.

నా బంగారు చెల్లీ.

తాలెకె

ఎల్లెర్‌బ్రూక్ మఠం వంటిల్లు
ఈస్టర్ వెళ్ళిన రెండో వారం

వెండెలమ్మ గారికి,

నేను ఇల్సెబెని. నాకు రాయడం కొత్త, తప్పులుంటే మన్నించండి, మీ అక్కగారే నేర్పారు.

మీకు ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ హిన్నెర్క్ చెప్పాడు. ఆ మాట కోసమే మేమందరం కాచుకుని ఉన్నాం. ఆ మాట వచ్చాకే మీకు రాయమని తాలెకె సిస్టర్ నా చేత మాట తీసుకున్నారు, మదర్ గారి చేత కూడా. హిన్నెర్క్‌ని మదర్ గారు పిలిచి, "నోరు మూసుకుంటే నీ చేపలు కొంటాం, లేకపోతే లేదు" అన్నారు. వాడు ఏడుస్తూ సరేనన్నాడు.

అమ్మా, సిస్టర్ ఉపవాస కాలం నాలుగో వారంలో దేవుడి దగ్గరికి వెళ్ళిపోయారు. బాధ ఎక్కువ పడలేదు, చివరి రెండు రోజులూ నిద్రలోనే ఉన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఎలా చెప్పాలో నాకు తెలియక ఇలా చెప్పేశాను, నన్ను క్షమించండి.

ఇక్కడ పోయినవాళ్ళ బట్టలు అవసరం ఉన్నవాళ్ళకి ఇస్తారు. పైఅంగీ నాకు ఇమ్మని సిస్టర్ అడిగారు, మదర్ గారు ఒప్పుకున్నారు. నాకు అది కుట్టించినట్టే సరిపోతుంది. సరిపోకేం చేస్తుంది, కొలత నాదే కదా. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మార్టిన్ పండుగప్పుడు సిస్టర్ నన్ను బట్టల గదిలోకి పిలిచి, "ఇల్సెబె, నిటారుగా నిలబడు, నీ భుజాలు చూస్తే రాణిగారి భుజాల్లా ఉన్నాయి, ఒకసారి కొలుద్దాం" అన్నారు. నేను వేళాకోళం అనుకున్నాను. చేతులు వణికి ముడి పడకపోతే పళ్ళతో వేశారు. అంగీ వచ్చిన రోజు నాకే వేసి చూశారు, చుట్టూ తిరిగి చూసి, "పోచంత తేడా లేదు" అని నవ్వి నవ్వి దగ్గు తెరలో పడిపోయారు.

"మీకు చాలా పెద్దది కదా సిస్టర్, ఎందుకిలా చేశారు?" అని అడిగాను. "నా కొలత పంపితే చెల్లి బండెక్కుతుంది" అన్నారు. తర్వాత, "ఇంకోటి కూడా. నా కొలతకి కుట్టిస్తే నా తర్వాత నీకోసం విప్పి కోసి అతుకులు వేస్తారు. మంచి తోలు కోయకూడదు, నేను తోళ్ళవాడి కూతుర్ని" అన్నారు.

ఆ అంగీ భుజాన వేసుకుని నిలబడే శక్తి సిస్టర్‌కి లేదమ్మా, బరువు. రెండు మడతలు పెట్టి మీద కప్పేదాన్ని. మెడ భాగం చెంప కింద పెట్టుకునేవారు. ఉడుత సంగతి చివరి ఒప్పుకోలులో చెప్పారు. ఫాదర్ గారు, "ఎంత ఉడుత?" అని అడిగారట. అరచెయ్యి చూపించారట. ఆయన బయటికొచ్చి గోడవైపు తిరిగి ముక్కు చీదుకోవడం నేను చూశాను.

ఇప్పుడు మెడ దగ్గర ఆ ఒక్క చోట బొచ్చు రాలిపోయి బోడిగా ఉంది. మదర్ గారు మీకు పంపి బాగుచేయించమన్నారు. నేను వద్దన్నాను. మదర్ గారి మాట వినాలి కదా. అందుకని పంపుతున్నాను.

నేను దీన్ని వేసుకోవడం మీకు ఇష్టం లేకపోతే మీ దగ్గరే ఉంచేసుకోండమ్మా. నా పాతది నాకుంది.

ఇల్సెబె

ల్యూబెక్
పెంతెకోస్తు ముందు

ఇల్సెబె,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. మొదటి వారం నీకు రాసి ఉంటే నువ్వు చదవకూడని మాటలు రాసేదాన్ని. నా కోపం నీ మీద కాదు, అయినా నీకు తగిలేది. పురిటి మంచం మీద నీ ఉత్తరం చదివి, నేను అరిచిన అరుపుకి మార్క్వార్ట్ అంగట్లోంచి బేరం వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "నాకు అబద్ధం చెప్పింది! దారంతో అబద్ధం చెప్పింది!" అని అరిచాను. పాత ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. ఎక్కడా అబద్ధం లేదు. "ఇదిగో దారం" అంది, "నా దారం" అనలేదు. "వేసి చూశాం" అంది, ఎవరికి వేశారో చెప్పలేదు. దారం తప్ప ఇంకేదీ నమ్మనని నేనే ఆమెకి దారి చూపించాను. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని, తర్వాత కాళ్ళు పట్టుకునేదాన్ని. రెండింటికీ మనిషి లేదు.

అంగీని వారం రోజులు ముట్టుకోలేదు. తర్వాత కిటికీ దగ్గర పరిచాను. తోళ్ళ పని చేసేవాళ్ళం ఇల్సెబె, వాడిన అస్తరు చూస్తే వేసుకున్న మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది. ఎంత లావు, ఏ భుజం వాలు, గుర్రం ఎక్కేవాడా, బల్ల దగ్గర కూర్చునేవాడా. భుజాల దగ్గర బొచ్చు నేను పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఎవరూ తొడగనట్టు. నడుమ ఒక చోట మాత్రం బొచ్చు అణిగిపోయింది. ఆ అణిగిన చోట ఎంత ఉందో చెయ్యి పెట్టి చూశాను. పదేళ్ళ పిల్ల పడుకున్నంత ఉంది. మా అక్క అంత అయిపోయింది. నేను ఇక్కడ ఎండుచేపలు బేరమాడుతున్నాను.

మెడ దగ్గర ఉడుత తోలు నిజంగానే బోడిగా ఉంది, అరచెయ్యంత. చెంప రాసుకుని రాసుకుని ఒక్క వెంట్రుక మిగల్లేదు. నేను దాన్ని ఊడదీశాను. మార్క్వార్ట్ పక్కన నిలబడి, "బోడితోలు అంగట్లో ఉంచకూడదు, సంఘం నియమం" అని అలవాటుగా అనబోయి ఆగిపోయాడు. ఆయనే తన పెట్టెలో భద్రంగా పెట్టాడు.

ఆ స్థానంలో కొత్తది వేశాను. ఈసారి గొర్రెపిల్లదే, నీకు ఒప్పుకోలు అక్కర్లేదు. కానీ తలకిందులుగానే వేశాను. తల ఆడిస్తే నీ మెడ నిమురుతుంది. అది మా అమ్మ చెయ్యి, తర్వాత అక్క చెయ్యి. ఇక నీది. వేసుకోవడం నాకు ఇష్టం లేదేమోనని రాశావు. వేసుకో. మంచులో బానలు మోస్తూ, ఆ ఘోరమైన గొంతుతో పాడుకుంటూ వేసుకో. పెట్టెలో దాచావని తెలిస్తే హిన్నెర్క్ చేత కబురు పంపి మరీ తిడతాను.

పాప బాగుంది. ఆకలేస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. దగ్గు లేదు, పగలూ రాత్రీ ఛాతీకి చెవి ఆనించి వింటున్నాను. పేరు తాలెకె. వద్దంది అక్క. ఆమె నా మాట వినలేదు, నేనెందుకు ఆమె మాట వినాలి?

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ దారం ఇంకా నా దగ్గరే ఉంది. చలికాలమంతా బెంగ పుట్టినప్పుడల్లా దాన్ని నా చుట్టూ వేసుకునేదాన్ని. అక్క వెనకనుంచి వచ్చి పట్టుకున్నట్టు కళ్ళు మూసుకునేదాన్ని. పురిటి నొప్పుల్లో కూడా అది నా భుజాల మీదే ఉంది, మెట్టెకె తీసేయబోతే చెయ్యి కొరికాను. అది నువ్వట, ఇల్సెబె. ఒక్కసారీ చూడని నిన్ను నేను చలికాలమంతా పట్టుకుని ఉన్నాను.

కోతల పండుగకి మీ మఠం బండి ఊళ్ళోకి వస్తుంది కదా, మదర్ గారిని అడిగి అందులో రా. తోళ్ళవాళ్ళ వీధిలో మూడో ఇల్లు. నిన్ను చూడగానే గుర్తుపడతాను. నీ కొలత నాకు తెలుసు.

వెండెల